గొంతు చేసే వైద్యం

గోల్కొండ కోట చూడబోయినవాళ్లకు తప్పకుండా చూపించే చోటు రామదాసు చెరసాల. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించినందుకు తానీషా ఏలుబడిలో పన్నెండేళ్లు అక్కడ మగ్గాడని చెబుతారు. ఆ చెరలో పుట్టాయని చెప్పుకునే కీర్తనల్లో ఒకదానిలో భక్తుడు దేవుణ్ని ఏకంగా నిలదీస్తాడు. సీతమ్మకు, భరతుడికి, లక్ష్మణుడికి తాను చేయించిన నగలన్నీ వరసపెట్టి, వాటి ఖరీదు చెప్పి, ఇదంతా ఎవరి సొమ్మనుకున్నావని దులిపేస్తాడు. చివరికి వచ్చేసరికి మెత్తబడి, దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని వేడుకుంటాడు.

ఒంటి నొప్పి, తిట్టు, పాట, మన్నింపు. ఈ నాలుగూ ఒక్క కీర్తనలో వరసగా నడిచాయి. దెబ్బ తిన్న మనిషి ఎందుకు తిడతాడు, బరువెక్కిన గుండె ఎందుకు పాటను వెతుక్కుంటుంది అన్న ప్రశ్నలను శాస్త్రవేత్తలు గత ఇరవై ఏళ్లుగా ప్రయోగశాలలో పెట్టి పరీక్షిస్తున్నారు. ఇంతవరకు తేలినదాన్ని బట్టి చూస్తే తిట్టుకూ పాటకూ రెండింటికీ మందు గుణం ఉంది. అయితే ఒకటి ఆ క్షణానికి పనికొచ్చేది, రెండోది జీవితమంతా వాడుకోదగ్గది. ఏది ఎప్పుడు ఎంత మోతాదులో వాడాలో తెలుసుకోవడం మనకు ఎంతో అవసరం.

మంచు నీళ్లలో చెయ్యి

ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. భార్య ప్రసవ వేదనలో తిట్ల మీద తిట్లు అందుకోవడం, మంత్రసాని అది మామూలేనని చెప్పడం ఆయనను ఆలోచనలో పడేశాయి. నొప్పి వచ్చినప్పుడు లోకమంతా చేసే ఈ పని వల్ల ఏదైనా ఉపయోగం ఉందా? లేక నొప్పిని మరింత పెద్దది చేసుకోవడమేనా? అప్పటికి చాలామంది నిపుణులది రెండో అభిప్రాయమే.

2009లో స్టీఫెన్స్ బృందం 67 మంది విద్యార్థులను పిలిచి, మంచులా చల్లగా ఉన్న నీళ్లలో చెయ్యి ముంచి ఎంతసేపు ఓర్చుకోగలరో చూసింది. ఒకసారి తమకు నచ్చిన తిట్టును పదేపదే అనాలి. ఇంకోసారి బల్లను వర్ణించే ఏదో ఒక మామూలు మాట అనాలి. తిట్టినప్పుడు వాళ్లు సగటున 40 సెకన్ల దాకా ఎక్కువసేపు చెయ్యి నీళ్లలో ఉంచగలిగారు. నొప్పి తక్కువగా ఉందని చెప్పారు. గుండె వేగం కూడా పెరిగింది. ఈ పరిశోధనకు 2010లో ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది. ముందు నవ్వు పుట్టించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే గుర్తింపు అది.

గుండె వేగం పెరగడాన్ని బట్టి స్టీఫెన్స్ ఒక వివరణ ఇచ్చారు. పాము ఎదురైతే మన ఒళ్లు పోరుకో పరుగుకో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ పొంగుతుంది, గుండె దడదడలాడుతుంది, ఆ కాసేపు నొప్పి తెలియకుండా మెదడు అడ్డుకట్ట వేస్తుంది. యుద్ధంలో గాయపడిన సైనికుడికి ఆ క్షణంలో గాయం తెలియకపోవడం ఇందువల్లే. తిట్టు ఆ వ్యవస్థను కొద్దిగా మేల్కొలుపుతోందని ఆయన ఊహ.

తర్వాతి ప్రయోగాలు కథను కొంత మార్చాయి. 2018లో ఆయన బృందం వ్యాయామ సైకిలు తొక్కేవాళ్లను, పిడికిలి బిగించేవాళ్లను పరీక్షించింది. తిడుతూ తొక్కినప్పుడు శక్తి 24 వాట్లు పెరిగింది. పిడికిలి పట్టు 2 కిలోలకు పైగా బలపడింది. కానీ ఈసారి గుండె వేగంలో తేడా కనిపించలేదు. అంటే అడ్రినలిన్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. తిట్టినప్పుడు మనల్ని మనం పట్టి ఉంచుకునే బిగువు సడలుతుంది, నలుగురూ ఏమనుకుంటారోనన్న వెనకడుగు తగ్గుతుంది, అందువల్ల ఒళ్లు మరికాస్త తెగిస్తుంది అన్న వివరణకు ఇప్పుడు మొగ్గు ఎక్కువగా ఉంది.

మనసు నొప్పికి కూడా ఇది పనిచేస్తుందా? 2017లో న్యూజీలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 70 మందితో చేసిన ప్రయోగంలో కొందరిని, ఇతరులు తమను వెలివేసిన సందర్భాన్ని గుర్తుచేసుకొమ్మన్నారు. తర్వాత కొందరు గట్టిగా తిట్టారు, కొందరు మామూలు మాట అన్నారు. తిట్టినవాళ్లకు మనసు గాయం తాలూకు బాధ తగ్గింది. ఒంటి నొప్పికీ మనసు నొప్పికీ మెదడులో కొన్ని దారులు ఉమ్మడిగా ఉంటాయన్న వాదానికి ఇదొక ఊతం.

ఆ మాటకు ఆ బలం ఎక్కడిది

తిట్టులోని బలం దాని శబ్దంలో ఉందా, అర్థంలో ఉందా? ఇది తేల్చడానికి 2020లో స్టీఫెన్స్, ఒలీ రాబర్ట్‌సన్ కలిసి రెండు కొత్త తిట్లు తయారుచేయించారు. ఒకటి ‘ఫౌచ్’, ఇంకోటి ‘ట్విజ్‌పైప్’. ఒకటి విసురుగా పలికేది, ఇంకోటి వింటేనే నవ్వొచ్చేది. 92 మంది చేతులు మంచు నీళ్లలో పెట్టి ఈ మాటలు అన్నారు. కొత్త మాటలు వింతగా, సరదాగా ఉన్నాయన్నారు గానీ నొప్పి విషయంలో అవి ఎందుకూ కొరగాలేదు. అదే అందరికీ తెలిసిన పాత ఇంగ్లిషు బూతుమాట అన్నప్పుడు నొప్పి మొదలవడానికి 32 శాతం ఎక్కువ సమయం పట్టింది, దాన్ని 33 శాతం ఎక్కువసేపు భరించగలిగారు.

దీన్నిబట్టి తిట్టుకు బలం చిన్నతనం నుంచి వస్తుందని అర్థమవుతోంది. ఆ మాట తొలిసారి అన్నప్పుడు అమ్మ కసిరి ఉంటుంది, నాన్న చెయ్యెత్తి ఉంటాడు, మాస్టారు బెంచీ ఎక్కించి ఉంటారు. ఆ భయం, ఆ సిగ్గు మాటతోపాటే ఒంట్లోకి ఇంకిపోతాయి. 2003లో కేథరిన్ హారిస్, ఆమె సహచరులు టర్కిష్ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లిషు నేర్చుకున్నవాళ్ల మీద చేసిన పరిశోధన దీన్నే చూపించింది. నిషిద్ధ పదాలూ, చిన్నప్పుడు పెద్దలు మందలించే మాటలూ మాతృభాషలో విన్నప్పుడు వాళ్ల అరచేతుల చర్మం ఎక్కువగా చెమర్చింది. రెండో భాషలో విన్నప్పుడు ఆ స్పందన తగ్గింది. హైదరాబాదు ఆఫీసుల్లో, డాలస్ ఇళ్లలో ఇంగ్లిషు తిట్టు అలవోకగా దొర్లించే తెలుగువాళ్లు కూడా అదే అర్థం వచ్చే తెలుగు మాట దగ్గర తడబడటానికి కారణం ఇక్కడే ఉంది.

బలం నిషేధం నుంచి వస్తుంది కాబట్టి, నిషేధం అరిగిపోతే బలమూ పోతుంది. 2011లో స్టీఫెన్స్ బృందమే ఈ సంగతి బయటపెట్టింది. రోజూ ఎడాపెడా తిట్టేవాళ్లకు మంచు నీళ్లలో తిట్టు అంతగా అక్కరకు రాలేదు. అరుదుగా తిట్టేవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ప్రతి వాక్యానికీ బూతును తోకలా తగిలించేవాళ్లు అవసరానికి ఉపయోగపడే మందును ఉత్త పుణ్యానికి పారబోసుకుంటున్నారు.

మాట పోయినా మిగిలేవి

తిట్టూ పాటా మన మెదడులో ఎంత లోతున ఉన్నాయో తెలియాలంటే మాట పడిపోయిన మనుషుల దగ్గరికి వెళ్లాలి. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా దగ్గరికి లెబోర్న్య అనే రోగి వచ్చాడు. ఏది అడిగినా ‘టాన్ టాన్’ అనే శబ్దమే అతని జవాబు. కానీ తన మనసులో ఉన్నది ఎదుటివాళ్లకు అర్థంకాక విసుగెత్తితే మాత్రం దేవుడి పేరుతో ఒక ఫ్రెంచి తిట్టు స్పష్టంగా వచ్చేది. అతను చనిపోయాక మెదడు ఎడమ అర్ధగోళం ముందుభాగంలో దెబ్బను బ్రోకా గుర్తించాడు. మాటకు మెదడులో ఒక చోటు ఉందని లోకానికి తెలిసింది ఆ రోగి వల్లే. 1866లో పక్షవాతం వచ్చి మాట పోయిన ఫ్రెంచి కవి బోదలేర్‌కు మిగిలింది కూడా దాదాపు అలాంటి తిట్టే.

వాక్యాలు కూర్చడం, ఆలోచించి మాట్లాడటం చాలామందిలో ఎడమ అర్ధగోళం పని. తిట్లు, ‘అమ్మో’, ‘అయ్యో’ లాంటి అరుపులు, లెక్కపెట్టడం, ప్రార్థనలు వేరే దారిలో వస్తాయి. వాటిలో కుడి అర్ధగోళానికీ, మెదడు లోపలి పొరల్లో ఉండే బేసల్ గాంగ్లియాకూ, భావోద్వేగాలను నడిపే భాగాలకూ పాత్ర ఎక్కువ. బేసల్ గాంగ్లియాతో ముడిపడిన టూరెట్ సిండ్రోమ్‌లో పదిమందిలో ఒకరిద్దరు తమ ప్రమేయం లేకుండానే బూతులు పలకడానికి కారణం ఇదే. వాళ్లను మర్యాద లేనివాళ్లని నిందించడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పాటది కూడా ఇలాంటి దారే. పక్షవాతంతో మాట పోయిన మనిషి, తన పేరు చెప్పలేని మనిషి, చిన్నప్పుడు నేర్చిన పాటను మాటలతో సహా పాడగలగడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 1973లో బోస్టన్‌లో మార్టిన్ ఆల్బర్ట్, రాబర్ట్ స్పార్క్స్, నాన్సీ హెల్మ్ దీన్ని ఒక చికిత్సగా మలిచారు. రోగి ఎడమ చేతిని తాళంలాగా తడుతూ, ‘నీళ్లు కావాలి’ లాంటి చిన్న వాక్యాలను రాగంగా అనిపిస్తారు. క్రమంగా రాగం తగ్గించి మాటను నిలబెడతారు. 2011 జనవరిలో తలకు తుపాకీ గుండు తగిలి మాట కోల్పోయిన అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తిరిగి మాట్లాడటం నేర్చుకున్న దారిలో పాటలు పెద్ద తోడు.

మాట కూలిపోయిన చోట కూడా ఈ రెండూ నిలబడుతున్నాయంటే, మనిషి వేదనను బయటికి పంపే పాత ద్వారాలు ఇవే. ఏడుపు, కేక, మూలుగు వచ్చే దారికి ఇవి దగ్గరగా ఉన్నాయి.

కక్కేస్తే కోపం పోతుందా

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లోపల పేరుకున్న కోపాన్ని బయటికి కక్కేస్తే తేలికపడతామని మనందరి నమ్మకం. 1895లో ఫ్రాయిడ్, బ్రాయర్ కలిసి రాసిన హిస్టీరియా అధ్యయనాల నుంచి ఈ నమ్మకానికి వైద్య గౌరవం దక్కింది. 1970లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ జానోవ్ గొంతు చించుకుని అరిస్తే చిన్ననాటి గాయాలు మానిపోతాయని పుస్తకం రాశాడు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కూడా అదే ఏడాది ఆ చికిత్సకు వెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన అతని ఆల్బంలో తల్లిని తలుచుకునే పాట చివరికి కేకలుగా మారుతుంది. లెనన్‌కు అది గొప్ప పాటనిచ్చింది. కానీ అరుపు మానసిక గాయాలను నయం చేస్తుందనడానికి గట్టి ఆధారాలు మాత్రం దొరకలేదు.

2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది. ముందు వాళ్లు రాసిన వ్యాసాన్ని ఒక అపరిచితుడు ఘోరంగా విమర్శించాడని చెప్పి వాళ్లకు కోపం తెప్పించారు. కొందరిని ఆ మనిషినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దమన్నారు. కొందరిని వ్యాయామం గురించి ఆలోచిస్తూ గుద్దమన్నారు. మిగిలినవాళ్లను ఏమీ చేయకుండా రెండు నిమిషాలు కూర్చోమన్నారు. తమను కించపరిచినవాణ్ని తలుచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం అందరికన్నా ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికన్నా తక్కువ దురుసుగా ప్రవర్తించారు.

2024లో బుష్‌మన్, సోఫీ షెర్విక్ 154 అధ్యయనాలను, పది వేల మందికి పైగా పాల్గొన్నవాళ్ల ఫలితాలను కలిపి చూశారు. ఒంటిని ఉద్రేకపరిచే పనులు కోపాన్ని తగ్గించడం లేదు. ఒంటిని నెమ్మదింపజేసే పనులు, అంటే నెమ్మదైన శ్వాస, ధ్యానం, యోగా తగ్గిస్తున్నాయి.

దీన్ని కీల్ ప్రయోగాలతో కలిపి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. కాలి బొటనవేలు గుమ్మానికి కొట్టుకున్నప్పుడు, ఇంజెక్షన్ సూది దిగుతున్నప్పుడు, ప్రసవ వేదనలో తిట్టు మేలు చేస్తుంది. ఆ నొప్పి కాసేపట్లో పోయేది, దానికి ఎదురుగా మనిషి లేడు. కానీ ఒక మనిషి మీద కోపంతో ఆ మనిషినే తలుచుకుంటూ తిట్టడం మంటలో పెట్రోలు పోయడమే.

ఎదుట ఎవరున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2011లో మేగన్ రాబిన్స్, మాతియాస్ మెల్, వారి సహచరులు రొమ్ము క్యాన్సర్‌తోనూ కీళ్లవాతంతోనూ బాధపడుతున్న మహిళలకు ఒంటి మీద చిన్న రికార్డర్లు ఉంచి, వాళ్ల రోజువారీ మాటలు పరిశీలించారు. ఇతరుల ముందు ఎక్కువగా తిట్టినవాళ్లకు కాలం గడిచేకొద్దీ దక్కే ఆదరణ తగ్గింది, దిగులు లక్షణాలు పెరిగాయి. ఒంటరిగా ఉన్నప్పుడు తిట్టుకోవడానికి అలాంటి నష్టం కనిపించలేదు.

మన సమాజంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. మనవైపు బూతుల్లో ఎక్కువ భాగం తల్లినీ, చెల్లినీ, కులాన్నీ పట్టుకు లాగేవే. ఒకరి నొప్పి తగ్గడం కోసం ఇంకొకరి పుట్టుకను, శరీరాన్ని తూట్లు పొడిచే హక్కు ఎవరికీ లేదు. ఎస్సీ, ఎస్టీలను బహిరంగంగా కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ చట్టానికి ముందు కూడా అది నేరమే, తిట్లు తిన్నవాళ్ల గుండెల్లో. భార్య మీద, పిల్లల మీద, పనివాళ్ల మీద రోజూ విసిరే తిట్టు ఏ శాస్త్రం ప్రకారమూ చికిత్స కాదు, హింస.

పాట పాడితే ఒంట్లో ఏం జరుగుతుంది

మనిషి మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి పద్దెనిమిది సార్లు ఊపిరి తీస్తాడు. పాడేటప్పుడు లెక్క మారుతుంది. చప్పున గాలి పీల్చుకుని, ఒక చరణం పొడవునా నెమ్మదిగా వదలాలి. ఊపిరి వదిలే సమయంలో వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. పీల్చేటప్పుడు గుండె మళ్లీ వేగం అందుకుంటుంది. ఈ ఎగుడుదిగుడు ఎంత చక్కగా ఉంటే ఒత్తిడి నుంచి కోలుకునే శక్తి అంత బాగున్నట్టు.

2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మరియమ్మ జపమాల ప్రార్థన, టిబెట్ బౌద్ధుల ఓం మణిపద్మే హుం మంత్రం పలికించింది. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుసార్లకు దిగింది. రక్తపోటును సరిదిద్దే సహజ వ్యవస్థ చురుకైంది. వేరువేరు ఖండాల్లో, వేరువేరు మతాల్లో పుట్టిన రెండు జపాలు ఒకే శ్వాస లయ దగ్గర కలిశాయి. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం కలిసి పాడేవాళ్ల గుండెలను కొలిచింది. అందరూ ఒకే చోట ఊపిరి తీస్తారు కాబట్టి గుండె వేగాలు కూడా కలిసి పెరిగి కలిసి తగ్గాయి.

గొంతు ఎత్తకుండా నోరు మూసుకుని కూనిరాగం తీసినా లాభమే. 2002లో స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు, మామూలుగా ఊపిరి వదలడం కన్నా కూనిరాగం తీసినప్పుడు ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ 15 రెట్లు పెరుగుతుందని కనుగొన్నారు. సైనస్ గదుల్లోకి గాలి బాగా ఆడుతోందనడానికి అది గుర్తు. మన భ్రామరీ ప్రాణాయామంలో తుమ్మెద ఝంకారం చేయడం కూడా ఇలాంటి పనే.

తిట్టు ఒంటిని రెచ్చగొట్టి నొప్పిని కప్పేస్తుంది. పాట ఒంటిని నెమ్మదింపజేసి బాధను దాటిస్తుంది. 154 అధ్యయనాలు కోపానికి సిఫారసు చేసిన నెమ్మదైన శ్వాసను పాట మనకు తెలియకుండానే చేయిస్తుంది. ధ్యానంలో కూర్చోలేని మనిషి కూడా పాట పాడగలడు.

కలిసి పాడితే

పాట నొప్పిని ఓర్పించగలదా? ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ బృందం 2012లో దీన్ని పరీక్షించింది. పాట పాడటం, డప్పు వాయించడం, నాట్యం చేయడం నొప్పిని తట్టుకునే హద్దును పెంచాయి. ఊరికే కూర్చుని సంగీతం వినడం పెంచలేదు. మెదడులో ఎండార్ఫిన్లనే సహజమైన నొప్పి మందులు విడుదలవుతున్నాయని వాళ్లు అర్థం చేసుకున్నారు. 2004లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బృందగాన సంఘం మీద చేసిన అధ్యయనంలోనూ ఇదే తేడా కనిపించింది. మోట్సార్ట్ రెక్వియం పాడినవాళ్లకు మనసు తేలికపడింది, లాలాజలంలో రోగాన్ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్-ఏ పెరిగింది. అదే సంగీతాన్ని విన్నప్పుడు ఆ మేలు కలగలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటే చాలనుకునే మనం ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

2015లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఇంగ్లండులో వయోజనుల కోసం నడిపే తరగతుల్లో కొందరు పాట నేర్చుకున్నారు, కొందరు చేతిపనులు, కొందరు రచన. ఏడు నెలల్లో అన్ని తరగతుల్లోనూ స్నేహాలు కుదిరాయి గానీ, పాటల తరగతిలో అవి చాలా త్వరగా కుదిరాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లను తొలిరోజుల్లోనే దగ్గర చేసింది పాటే.

నా మనసును బాగా కదిలించింది మాత్రం 2018లో డెయిజీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ ప్రచురించిన అధ్యయనం. ప్రసవం తర్వాత దిగులుతో కుంగిపోతున్న 134 మంది తల్లులను వాళ్లు మూడు జట్లు చేశారు. ఒక జట్టు పది వారాలు పసిబిడ్డలతో కలిసి పాటలు పాడింది. రెండో జట్టు బిడ్డలతో కలిసి ఆటలాడింది. మూడో జట్టుకు మామూలు వైద్యమే. తీవ్రమైన లక్షణాలు ఉన్న తల్లుల్లో పాడిన జట్టు అందరికన్నా త్వరగా తేరుకుంది. ఆరో వారానికే వాళ్ల లక్షణాలు సగటున 35 శాతం తగ్గాయి. కొత్తగా తల్లయిన అమ్మాయి దిగులుగా ఉంటే మన ఇళ్లలో ‘బిడ్డను చూసుకుని సంతోషించక ఏమిటిది’ అని గద్దిస్తారు. ఆమె పక్కన కూర్చుని ఒక జోలపాట అందుకుంటే ఎంత సాయమో ఈ లెక్క చెబుతోంది.

మనవాళ్లు ఎరిగిన దారి

తెలుగు నేల మీద ఈ జ్ఞానం కొత్తది కాదు. ఆచార్య బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ తిరగేస్తే మనిషి బతుకులో పాట అంటని ఘట్టం ఒక్కటీ కనిపించదు. వరినాట్ల పాట, కలుపు పాట, దంపుడు పాట, తిరగలి పాట. నడుం విరిగే పనిలో నొప్పిని పంచుకోవడానికి అవన్నీ పుట్టాయి. రోకలి పోటుకూ, నారు గుచ్చే చేతికీ పాట లయనిచ్చింది. డన్బార్ ప్రయోగశాలలో కొలిచిన ఓర్పును మన అమ్మమ్మలు మోకాలి లోతు బురదలో సంపాదించుకున్నారు.

దుఃఖానికీ పాట ఉంది. పెళ్లిలో అప్పగింతల పాట మొదలవగానే పెళ్లికూతురితోపాటు వాకిట్లో ఉన్నవాళ్లందరి కళ్లూ తడుస్తాయి. చావు ఇంట ఆడవాళ్లు పోయినవాళ్ల గుణగణాలు చెబుతూ రాగం తీసి శోకాలు పెడతారు. చదువుకున్నవాళ్లం దాన్ని నాటకమని తీసిపారేశాం. నలుగురి మధ్య, ఒక లయలో, పొడవాటి ఊపిరితో, పేరు పెట్టి పిలిచి ఏడవడం దుఃఖాన్ని ఒంటరిగా మోయకుండా చేసే పద్ధతి. బతుకమ్మ చుట్టూ చప్పట్లతో తిరుగుతూ పాడే పాటల్లో గౌరమ్మ కథలతోపాటు అత్తింటి కష్టాలూ, పుట్టింటి మీద బెంగా ఉంటాయి. ఇంట్లో నోరెత్తలేని మాట అక్కడ వందమంది గొంతుతో బయటికి వచ్చింది.

తిట్టుకు కూడా మన పెద్దలు ఒక చోటు చూపించారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు కట్టిన భక్తులు బూతులు తిడుతూ వీధుల్లో తిరగడం మొక్కులో భాగం. కేరళలోని కొడుంగల్లూరు భరణి ఉత్సవంలో అమ్మవారి ముందు బూతుపాటలే పాడతారు. పెళ్లిలో ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివారిని, ముఖ్యంగా వియ్యపురాలిని, పాట కట్టి దెప్పిపొడుస్తారు. ఏడాదికొకసారి, దేవత సాక్షిగా, లేదా పెళ్లిపందిట్లో, పాటలో పెట్టి. ఎంత కావాలో అంత, ఎక్కడ కావాలో అక్కడ. అరుదుగా వాడిన తిట్టుకే బలం ఉంటుందని 2011లో తేలిన సంగతికి ఈ కట్టుబాటు సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు కట్టుబాటు తలకిందులైంది. సినిమాలో, రాజకీయ వేదిక మీద, ఫోన్ తెర మీద బూతు ఇరవైనాలుగు గంటలూ దొర్లుతోంది. పాట మాత్రం గొంతుల నుంచి చెవులకు మారిపోయింది. నాటు యంత్రం నడుం నొప్పిని తగ్గించింది, అది మంచిదే. కానీ దానితోపాటు పొలంలో పాటా ఆగింది. ‘నా గొంతు బాగుండదు’ అని చెప్పి జీవితంలో ఒక్క పాటా పాడకుండా గడిపేస్తున్నవాళ్లు మన మధ్య ఎంతమందో. పాట పోటీ వస్తువైపోయి, న్యాయనిర్ణేతల ముందు పాడగలిగినవాళ్లకే అది హక్కన్న భావన పిల్లల్లో కూడా పాకింది. పైన చెప్పిన తల్లులు గాయనులు కారు. 2015 నాటి తరగతుల్లో చేరినవాళ్లూ కారు. మేలు చేసింది పాడటమే, ఎంత బాగా పాడారన్నది కాదు.

మనం చేయగలిగింది

దెబ్బ తగిలినప్పుడు నోటి నుంచి మాట దూసుకొస్తే తప్పుగా భావించకండి. గాలిలోకి అనండి, గుమ్మాన్ని అనండి, మనిషిని అనకండి. ప్రసవ వేదనలో అరిచే తల్లిని కసిరే నర్సులూ, బంధువులూ ఆ అలవాటు మానుకోవాలి. ఆమె గొంతు ఆమెకు ఆ క్షణంలో ఉన్న మందు. మనిషి మీద కోపం వస్తే మాత్రం తిట్టు వైపు వెళ్లకండి. ముందు ఊపిరి నెమ్మదించనివ్వండి. ఒక కూనిరాగం, పొడవైన చరణాలున్న ఏ పాటైనా సరే, ఆ పని చేస్తుంది. చెప్పాల్సిన మాట ఆ తర్వాత చెప్పండి.

వారాల తరబడి దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే, బతుకు మీద ఆశ సన్నగిల్లితే పాట ఒక్కటే సరిపోదు. వైద్యుణ్ని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

బడుల్లో పాటల పీరియడ్ తిరిగి రావాలి. వృద్ధాశ్రమాల్లో, క్యాన్సర్ వార్డుల్లో, బాలింతల వార్డుల్లో, అపార్టుమెంటు సంఘాల్లో వారానికొకసారి నలుగురు కలిసి పాడుకునే ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. మన ఇళ్లలో పాత పాటలు తెలిసిన చివరి తరం ఇంకా మనతోనే ఉంది. ఈ వారమే మీ నాయనమ్మ పక్కనో, మేనత్త పక్కనో కూర్చుని ఒక పాట అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఊరుకోకండి. ఆమెతో గొంతు కలిపి పాడండి.